పసుపు పూలన్నీ గోల్డెన్‌రాడేనా? కోరాపుట్ కొండల్లో తీసిన మూడు ఫోటోలు

తూరుపుకనుమ
రాయగడలో డిగ్రీ పిల్లలకి బోటనీ చెప్తాను. ఈసారి సెకండియర్ వాళ్లకి హెర్బేరియం ప్రాజెక్టు ఇచ్చాం, అంటే మొక్కల్ని ఎండబెట్టి షీట్ల మీద అంటించి పేరు రాయడం. సిమిలిగుడ, పొట్టంగి వైపు తీసుకెళ్తే మూడు చోట్ల మూడు పసుపు పూల మొక్కలు కోసుకొచ్చారు. మూడింటికీ ఒకటే లేబుల్ రాశారు: సాలిడాగో కెనడెన్సిస్, అంటే గోల్డెన్‌రాడ్. ఎలా తెలిసిందిరా అంటే ఫోన్ చూపిస్తున్నారు. యాప్ చెప్పిందట.

ఫోటో 1: సిమిలిగుడ దాటాక రోడ్డు పక్క బీడులోది. నడుము ఎత్తు, కొమ్మకొమ్మకీ పూలు.
ఫోటో 2: సునాబెడలో ఒక క్వార్టర్స్ కాంపౌండ్ గోడ పక్కన గుంపుగా ఉన్నది. ఛాతీ ఎత్తు, చివర పెద్ద పసుపు కంకి.
ఫోటో 3: పొట్టంగి దగ్గర కోత అయిపోయిన వరి మడి గట్టు మీదది. మోకాలి ఎత్తు, సన్నటి కంకి, చిన్న చిన్న పసుపు పూలు.

మూడూ ఒకటే అంటే నాకు నమ్మకం కుదరడం లేదు. వచ్చే వారం ఎక్స్‌టర్నల్ వస్తారు. అంతకంటే ముఖ్యం, తప్పు పేరుతో షీట్లు బీరువాలోకి వెళ్తే తర్వాత వచ్చే బ్యాచ్‌లన్నీ అదే నేర్చుకుంటాయి. చూసి చెప్పండి.

కడియం_నాగు
ఫోటో 2 పక్కా గోల్డెన్‌రాడ్. బొకేల్లో గులాబీల చుట్టూ పసుపుగా నింపుతారే, అదే. మా నర్సరీలో ఉంది, పిలకలు తీసి అమ్ముతాం. మిగతా రెండూ అదే జాతిలో అడవి రకాలు అయ్యుంటాయి.

సిరొంచ_పోరడు
పసుపు పువ్వు అంటే మాకు తంగేడే. మహారాష్ట్రల ఉన్నా మేమూ బతుకమ్మ పేరుస్తం, తంగేడు లేకుంటే నడవదు. ఫోటో 1 తంగేడు కాదా మరి?

కెమెరా_కిట్టు
@సిరొంచ_పోరడు తంగేడుకి ఈకల్లాంటి కూడాకులు, పువ్వుకి విడివిడిగా ఐదు రేకులు ఉంటాయి అన్నా. ఇవి చామంతి టైపు.
మేడమ్, యాప్ నూటికి ఎనభై పైన చూపిస్తే నమ్మొచ్చు. నేను పిట్టలకి, సీతాకోకచిలుకలకి అదే వాడతా. ఇప్పటిదాకా ఇబ్బంది రాలేదు.

జైపూర్_మాస్టారు
కిట్టూ, పిట్ట వేరు, ఈ కుటుంబం వేరు. చామంతి కుటుంబంలో పసుపు పూల మొక్కలు వందలకొద్దీ ఉన్నాయి. వాటిని దూరం నుంచి తీసిన ఫోటోలో విడదీయడం ముప్పై ఏళ్లు మొక్కలు చూసినవాడికే కష్టం. పైగా అలాంటి యాప్‌లకి నేర్పిన ఫోటోల్లో అమెరికా, యూరప్‌వే ఎక్కువ. కొంచెం మసకగా, పసుపుగా, కంకిలా కనిపిస్తే అక్కడ బాగా దొరికే పేరు పైకొస్తుంది. గోల్డెన్‌రాడ్ అక్కడ పొలం గట్లన్నిటా ఉంటుంది.

సాలిడాగోలో వంద పైగా జాతులు, ఎక్కువ భాగం ఉత్తర అమెరికావే. మన దేశంలో సహజంగా పెరిగేది సాలిడాగో విర్గౌరియా, అది హిమాలయాల చలి ప్రాంతాలది. మన తూర్పు కనుమల్లో గోల్డెన్‌రాడ్ కనిపించిందంటే ముందు అడగాల్సింది "చుట్టుపక్కల ఎవరి తోటైనా ఉందా?" అని. నాగు గారు ఫోటో 2 గురించి చెప్పింది సరిగ్గా సరిపోతుంది. మిగతా రెండూ "అడవి రకాలు" అనే మాట మాత్రం నేను ఒప్పుకోను.

మేడమ్, ఫోటోలు పక్కన పెట్టండి. మొక్కలు మీ దగ్గర ఉన్నాయి కాబట్టి ఇవి చూసి చెప్పండి:
ఆకులు కాండం మీద ఎదురెదురుగా జంటగా ఉన్నాయా, ఒకటి ఇటు ఒకటి అటు ఉన్నాయా?
ఒక్కో పూలచెండు (చిట్టి పూలన్నీ కలిసి ఒకే పువ్వులా కనిపించేది) ఎంత వెడల్పు? స్కేలు పెట్టి కొలవండి.
చెండు అంచున రేకుల్లా ఉన్నవి ఉన్నాయా, ఉంటే ఎన్ని?
ఆకు నలిపితే వాసన ఏమిటి?

వలిసె_రైతు
ఫోటో 1 వలిసె కదండీ, మన నూనెగింజల పంట! ఇందులో అనుమానమేముంది. కిందటేడు ఎవరో వేసుంటారు, రాలిన గింజ మొలిచింది. మా ఊళ్లో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు.

తూరుపుకనుమ
@వలిసె_రైతు అలాగే అనిపించింది, అయితే చేలో ఉన్న వలిసె కంటే ఇది బాగా కొమ్మలేసి చెదిరినట్టుంది. అందుకే తటపటాయించా.

వలిసె_రైతు
చేలో ఒత్తుగా చల్లుతాం, నిటారుగా పోతుంది. బీడులో ఒంటరిగా మొలిస్తే చోటు దొరికి పక్కలకి కొమ్మలేస్తుంది. మొక్క అదే.

గునుపురం_అమ్మ
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. గోల్డెన్‌రాడ్ అంటే గుర్తొచ్చింది. మా పాపకి ఈ సీజన్‌లో తుమ్ములు, కళ్ల దురద. గోల్డెన్‌రాడ్ పుప్పొడి వల్ల అలర్జీ వస్తుందని ఒక వీడియోలో విన్నా. మా వీధి చివర ఇంట్లో ఆ పసుపు మొక్కలున్నాయి. పీకేయమని వాళ్లని అడగాలా?

తేనెపట్టు_బాబాయ్
అమ్మా, ఆ మొక్క మీద ఆ నింద చాలాకాలంగా ఉంది. గోల్డెన్‌రాడ్ పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. గాలిలో తేలదు. తేనెటీగలు, ఈగలు ఒంటికి అంటించుకుని మోస్తేనే ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి పోతుంది. అమెరికాలో అదే నెలల్లో రాగ్‌వీడ్ అనే ఇంకో మొక్క పూస్తుంది. దాని పూలు ఆకుపచ్చగా, కంటికి ఆననంత చిన్నవి. పుప్పొడి మాత్రం గాలి నిండా వదులుతుంది. తుమ్ము వచ్చినవాడు చుట్టూ చూస్తే కనిపించేది పసుపు గోల్డెన్‌రాడ్. అలా పేరు పడిపోయింది.

ఆ ఇంటివాళ్లతో గొడవ పెట్టుకోకండి.

జైపూర్_మాస్టారు
బాబాయ్ చెప్పింది నిజం. గునుపురంలో మీరు చూడాల్సింది వయ్యారిభామ. ఆకులు క్యారెట్ ఆకులా చీలి ఉంటాయి, తెల్లటి చిన్న పూలు, ఖాళీ స్థలాలన్నీ దానివే. దేశంలో దాన్ని మొదట గమనించింది 1950లలో పూణేలో. దాని పుప్పొడి వల్ల తుమ్ములు, తాకితే చర్మం మీద దద్దుర్లు వస్తాయి. దాన్ని తినే మెక్సికో పెంకుపురుగుని 1984లో బెంగళూరు వైపు వదిలారు. ఇంటి చుట్టూ ఉంటే పూత రాకముందే చేతికి తొడుగులు వేసుకుని పీకించండి. పాపని మాత్రం డాక్టరుకి చూపించండి, గడ్డి పుప్పొడి కావచ్చు, దుమ్ము కావచ్చు. మొక్క చూసి మేం చెప్పేది కాదు.

గునుపురం_అమ్మ
మా ఇంటి వెనక ఖాళీ స్థలం నిండా అదే ఉంది మాస్టారూ. రేపే మనిషిని పెడతా.

బరంపురం_సుబ్బు
గోల్డెన్‌రాడ్ అంటే తుమ్ములేనా? ఎడిసన్ దాంతో రబ్బరు తీయాలని చూశాడు తెలుసా. 1927లో ఫోర్డ్, ఫైర్‌స్టోన్‌లతో కలిసి ఒక సంస్థ పెట్టి, వేలకొద్దీ మొక్కలు పరీక్షించి చివరికి గోల్డెన్‌రాడ్ దగ్గర ఆగాడు. ఎంచి ఎంచి పెంచి మనిషిని మించిన ఎత్తు తెప్పించాడు. 1931లో ఆయన పోయాడు, తర్వాత కృత్రిమ రబ్బరు వచ్చాక ఆ పని మూలన పడింది. బల్బు కనిపెట్టిన మనిషి ఎనభై ఏళ్ల వయసులో ఆకులు ఎండబెట్టుకుంటూ కూర్చున్నాడంటే నాకు భలే ఇష్టం.

సిరొంచ_పోరడు
రబ్బరు, తుమ్ములు, బొకే. ఒక్క మొక్కకి ఎన్ని పనులు రా బాబూ. బతుకమ్మల కూడా పెట్టొచ్చా?

కడియం_నాగు
పెట్టొచ్చు తమ్ముడూ, కోసిన తర్వాత కూడా చాలా రోజులు వాడదు. డజన్లు కావాలంటే చెప్పు.

తూరుపుకనుమ
మాస్టారు అడిగినవన్నీ ల్యాబ్‌లో కూర్చుని పిల్లలతోనే చూయించా.

ఫోటో 1: కింది ఆకులు ఎదురెదురుగా జంటగా ఉన్నాయి, పైకి వెళ్లేకొద్దీ కొన్ని ఒంటరి. చెండు వెడల్పు మూడు సెంటీమీటర్లు. అంచున ఎనిమిది పసుపు రేకులు, ప్రతి రేకు చివర మూడు చిన్న పళ్లు. ఎండిన చెండు నలిపితే నల్లగా మెరిసే గింజలు రాలాయి. గింజకి నూగు లేదు.

ఫోటో 2: ఆకులు ఒకటి తర్వాత ఒకటి, అంచు రంపంలా. ఆకులో మధ్య ఈనెతో పాటు ఇరువైపులా ఇంకో రెండు ఈనెలు స్పష్టంగా చివరిదాకా వెళ్తున్నాయి. కంకి కొమ్మలు బయటికి వంగి ఉన్నాయి. చెండ్లన్నీ కొమ్మకి పైవైపే బారులు తీరాయి, కింది వైపు ఖాళీ. చెండు నాలుగు మిల్లీమీటర్లు. లెన్స్‌తో చూస్తే అంచున చిట్టి రేకులు పది పైనే. గింజ మీద తెల్ల నూగు. వాసన పెద్దగా లేదు. తవ్వితే నేలలో పక్కకి పాకే కొమ్ములు ఉన్నాయి.

ఫోటో 3: ఆకులు ఒకటి తర్వాత ఒకటే. కింది ఆకులు కొంచెం చీలి ఉన్నాయి. మొక్కంతా మెత్తటి బూడిదరంగు నూగు, చేతికి జిగట. చెండు ఆరేడు మిల్లీమీటర్లు. లెన్స్ పెట్టి ఎంత వెతికినా అంచు రేకు ఒక్కటి కూడా లేదు, అన్నీ గొట్టాల్లాంటి పూలే. గింజకి తెల్ల నూగు ఉంది. ఆకు నలిపితే గది అంతా కర్పూరం, టర్పెంటైన్ కలిసిన ఘాటు.

ఒకమ్మాయి "మేడమ్, మూడూ పసుపే గానీ మూడూ వేరే" అంది. పోయిన వారం ఇదే అమ్మాయి యాప్ పట్టుకుని నాతో వాదించింది.

జైపూర్_మాస్టారు
ఇంత బాగా చూస్తే పేరు దానంతట అదే వస్తుంది.

ఫోటో 1 వలిసె, గిజోటియా అబిస్సినికా. రైతు గారు మొదటే చెప్పారు. జంట ఆకులు, ఎనిమిది రేకులు, నల్లటి నున్నటి గింజ, నూగు లేకపోవడం. సాలిడాగోకి జంట ఆకులు రావు. ఆ ఒక్క గుర్తుతోనే ఫోటో 1 పక్కకి పోతుంది.

ఫోటో 3 కుక్కపొగాకు, బ్లూమియా లాసెరా. పిల్లలు తడబడింది ఇక్కడే, తడబడడంలో ఆశ్చర్యమూ లేదు. సన్నటి కంకి, చిన్న పసుపు చెండ్లు, విడి విడి ఆకులు, గింజకి నూగు, అన్నీ గోల్డెన్‌రాడ్‌కి కూడా ఉన్నవే. తేడా మూడు చోట్ల పట్టుకోవాలి. సాలిడాగో చెండుకి అంచు రేకులు ఉంటాయి, చిన్నవైనా లెన్స్‌కి దొరుకుతాయి. బ్లూమియాకి ఉండవు. బ్లూమియా ఒళ్లంతా జిగట నూగు, ఘాటు వాసన. బ్లూమియా ఏటా గింజ నుంచే మొలుస్తుంది, సాలిడాగో నేల కింద కొమ్ములతో గుంపు కడుతుంది. శీతాకాలంలో మన వరి మడి గట్లన్నీ కుక్కపొగాకే.

ఫోటో 2 సాలిడాగో, సందేహం లేదు. చెండ్లు కొమ్మకి ఒక్క పక్కనే బారు తీరడం, మూడు ఈనెలు, కొమ్ములు. ఆ క్వార్టర్స్‌లో ఎవరో నాటిందే. కెనడెన్సిస్ అని మాత్రం తొందరపడి రాయకండి. కారణం తర్వాత రాస్తా, ఇప్పుడు బయటికి వెళ్లాలి.

కెమెరా_కిట్టు
నేను ఒప్పుకోను మాస్టారూ, ఒక్క విషయంలో. మీరు చెప్పినవన్నీ ఫోటోలోనే పట్టుకోవచ్చు, ఫోటో సరిగ్గా తీస్తే. జనం మొక్క మొత్తం ఒకే ఫోటో తీసి యాప్‌కి ఇస్తారు. నేనైతే కనీసం ఇవి తీస్తా: మొక్క మొత్తం, పక్కన చెయ్యో పెన్నో పెట్టి. చెండు దగ్గరగా, పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి. చెండు వెనక ఆకుపచ్చటి పొలుసులు. కాండం మధ్య భాగం ఆకులతో. ఆకు అడుగు వైపు. ఇవన్నీ ఐనాచురలిస్ట్ అనే సైట్‌లో ఒకే అబ్జర్వేషన్ కింద పెడితే మిషన్ ఏం చెప్పినా మనుషులు వచ్చి సరిదిద్దుతారు. అక్కడ చూసినవాళ్లలో మూడింట రెండొంతుల మందికి పైగా ఒకే పేరు ఒప్పుకుంటేనే ఖాయం అవుతుంది.

తూరుపుకనుమ
@కెమెరా_కిట్టు ఇది మంచి మాట. వాసన, జిగట మాత్రం ఫోటోకి రావు. అవి నోట్‌బుక్‌లో ఆ క్షణమే రాయాలి. ఎండాక బ్లూమియాకి కూడా ఘాటు తగ్గిపోతుంది.

రంగులద్దకం
కోట్‌పాడ్ దగ్గరుంటా. గోల్డెన్‌రాడ్ పూలతో పసుపు రంగు వస్తుందని విన్నా, నిజమేనా? మా వాళ్లు ఆల్ చెట్టు వేరుతో ఎరుపు, గోధుమ అద్దుతారు. పసుపు కూడా దొరికితే బాగుండు.

జైపూర్_మాస్టారు
@రంగులద్దకం వస్తుంది. అమెరికాలో పూలు ఉడకబెట్టి, పటికతో ఊరవేసిన ఉన్నికి పసుపు అద్దుతారు. మీ కోట్‌పాడ్ బట్టకి 2005లోనే జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఆ పేరు ఆల్ వేరు రంగు మీదే నిలబడింది. ఇంటికి ప్రయత్నిస్తే సరే, కోట్‌పాడ్ అని అమ్మే బట్టలోకి తేవద్దు.

ఇప్పుడు కెనడెన్సిస్ సంగతి. సాలిడాగో కెనడెన్సిస్, ఆల్టిస్సిమా, జైగాంటియా, ఈ మూడూ అమెరికాలోనే జనాన్ని తికమక పెడతాయి. జైగాంటియా కాండం కంకి కిందిదాకా నున్నగా ఉంటుంది. చాలాసార్లు పైన తెల్లటి పొడి అద్దినట్టుంటుంది. మిగతా రెండింటికీ కాండం పైభాగం నూగుగా ఉంటుంది. కెనడెన్సిస్ చెండు కింద ఆకుపచ్చ పొలుసుల గిన్నె పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు, ఆల్టిస్సిమాది మూడు నాలుగు. అర మిల్లీమీటరు తేడా కోసం స్కేలు పట్టుకుని కొట్టుకునే చోటు అది. పైగా పూల వ్యాపారంలో తిరిగే రకాల్లో సంకరాలు చాలా ఉన్నాయి. అందుకే షీటు మీద "సాలిడాగో, తోటలో నాటిన రకం" అని రాసి, కాండం నూగు, గిన్నె పొడవు పక్కన నోట్ చేస్తే నిజాయితీగా ఉంటుంది. నాటిందనే మాట తప్పకుండా రాయండి. లేకపోతే యాభై ఏళ్ల తర్వాత ఎవరో ఆ షీటు చూసి కోరాపుట్ అడవిలో గోల్డెన్‌రాడ్ పెరిగేదని వ్యాసం రాస్తారు.

కెమెరా_కిట్టు
ఒక వీడియోలో గోల్డెన్‌రాడ్ కాండం మీద గుండ్రటి బుడిపె ఉంటే గుర్తు పట్టడం తేలిక అన్నారు. ఇక్కడ వెతకాలా?

జైపూర్_మాస్టారు
వద్దు. ఆ బుడిపె యూరోస్టా అనే ఈగ పని. అది కాండంలో గుడ్డు పెడితే పురుగు చుట్టూ కాండం ఉబ్బుతుంది, చలికాలమంతా పురుగు లోపలే ఉంటుంది. వడ్రంగి పిట్టలు పొడిచి తినేస్తాయి. ఆ ఈగ, ఆ పిట్టలు అమెరికావి. కడియం నుంచి వచ్చిన మొక్కకి అవేవీ తోడు రావు.

బరంపురం_సుబ్బు
ఈ మొక్కకి తోడు రానివి రాకపోవడమే కదా సమస్య? శత్రువు లేని చోట పెరిగిపోతుంది. చైనాలో 1935లో అందం కోసం తెచ్చారు. ఇప్పుడు అక్కడ పెద్ద బెడద, గుంపులు గుంపులుగా తగలేస్తున్నారు. యూరప్‌లోనూ నదుల గట్లన్నీ ఆక్రమించింది. నాగు గారూ, మీరు పిలకలు అమ్ముతున్నారు. కొండ ప్రాంతంలో అది అవసరమా?

కడియం_నాగు
సుబ్బు గారూ, నేను తోటలో, కుండీలో పెంచుకునేవాళ్లకే అమ్ముతా. పూల షాపులకి ఇది ఆధారం, పెళ్లిళ్ల సీజన్‌లో మాకు అన్నం పెట్టేది ఇదే. ఇక్కడ ఇంతకాలంగా అమ్ముతున్నా, ఒక్కచోట కూడా కాంపౌండ్ దాటి వెళ్లడం చూడలేదు.

బరంపురం_సుబ్బు
చైనాలోనూ మొదట్లో ఎవరూ చూడలేదు.

కడియం_నాగు
అయితే వయ్యారిభామ నేను అమ్మానా? లాంటానా నేను అమ్మానా? ముందు వాటి సంగతి చూడండి.

తూరుపుకనుమ
ఇద్దరూ ఆగండి. నాగు గారి జీవనం ఆయనది, సుబ్బు గారి భయం కూడా ఊరికే కాదు. నేను అడిగేది ఒక్కటే, నాగు గారూ. పిలక కొనేవాళ్లకి రెండు మాటలు చెప్పండి: పూత వాడిపోగానే కంకి కోసేయమని, తీసేసిన కొమ్ములు కొండవైపు, గెడ్డ గట్టున పారేయకుండా ఎండబెట్టి కాల్చేయమని. ఫోటో 2 మొక్క కంకి సగం నూగు పట్టింది, గాలి వస్తే ఎగరడానికి సిద్ధంగా ఉంది. ఆ ఇంటివాళ్లతో మాట్లాడి కోయించాం.

కడియం_నాగు
అది చెప్తాను మేడమ్. కవరు మీద చీటీ అంటిస్తా. పూల షాపువాళ్లు ఎలాగూ పూత విచ్చకముందే కోస్తారు, వాళ్లతో సమస్య లేదు. ఇళ్లలోవాళ్లే వదిలేస్తారు.

తేనెపట్టు_బాబాయ్
ఒక్క మాట నా వైపు నుంచి. అమెరికాలో చలికి ముందు తేనెటీగలకి దొరికే చివరి మేతల్లో గోల్డెన్‌రాడ్ ఒకటి. ఆ తేనె పట్టులో పండుతున్నప్పుడు పెట్టె దగ్గరికి వెళ్తే తడి మేజోళ్ల కంపు వస్తుందని అక్కడివాళ్లు నవ్వుకుంటారు. పండాక తేనె బాగానే ఉంటుంది. మన కొండల్లో ఆ పని వలిసెది. వలిసె తన పుప్పొడితో తాను గింజ కట్టదు, పక్క మొక్క పుప్పొడి కావాలి. అందుకే చేను పక్కన పెట్టెలు పెడితే నాకు తేనె, రైతుకి గింజ. సిమిలిగుడ వైపు పూత కాలంలో పొద్దున్న తొమ్మిదింటికి చేలోకి వెళ్తే మాట వినపడదు, అంత రొద.

వలిసె_రైతు
బాబాయ్, మా చేను పక్కన కూడా పెట్టు. పోయినేడు గింజ తాలు ఎక్కువైంది.

తేనెపట్టు_బాబాయ్
పెడతా. పూత మీద మందు కొట్టనని మాట ఇస్తేనే.

వలిసె_రైతు
వలిసెకి మందెవడు కొడతాడు బాబాయ్. ఎరువే వేయం.

సిరొంచ_పోరడు
వలిసె నూనెతోని కూర ఎట్లుంటది? మా దిక్కు పల్లి, పత్తి, సోయానే.

వలిసె_రైతు
అడవి దుంపల కూర వలిసె నూనెలో చేస్తే ఒకసారి తిని చూడు. గింజలు వేయించి, ఎండుమిరప, ఉప్పు వేసి నూరితే పచ్చడి. అన్నం చాలదు.

బరంపురం_సుబ్బు
వలిసె గింజ ఓడ ఎక్కి అమెరికా కూడా వెళ్తుంది, అక్కడ ఇళ్ల పెరట్లో పసుపు పిట్టలకి మేత. దాన్ని వేడి చేసి మొలకెత్తకుండా చేస్తారు. వలిసెతో పాటు బంగారు తీగ గింజలు కలిసి వస్తాయని భయం.

తూరుపుకనుమ
బంగారు తీగ గురించి మా పిల్లలకి చూపించా. ఫోటో 1 మొక్క మొదట్లో పసుపు దారంలాంటిది చుట్టుకుని ఉంది, అదే కస్క్యూటా. ఆకు లేదు, నేలలో వేరు లేదు, మొక్క కాండంలోకి చిన్న పీకల్లాంటివి దించి రసం తాగుతుంది. లెన్స్ కింద పెడితే ఆ పీకలు కాండంలోకి దిగిన చోటు గోధుమరంగు చుక్కలు వరుసగా కనిపించాయి. ఆ షీటుకి విడిగా లేబుల్ రాయించా, ఆశ్రయం వలిసె అని.

జైపూర్_మాస్టారు
అదే అసలు విలువైన షీటు, ఆశ్రయం ఇచ్చిన మొక్కతో కలిపి ఎండబెట్టినది. జాగ్రత్తగా ఉంచండి.

పిల్లలకి ఇంకో సంగతి చెప్పండి. కోరాపుట్, గంజాం 1936 ఏప్రిల్ దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అందుకే మన కొండల మొక్కలకి గాంబుల్ రాసిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరా (ఆ ప్రాంతపు మొక్కల పుస్తకం) ఇప్పటికీ పనికొస్తుంది. అందులో కుటుంబం, ప్రజాతి తేల్చే తాళాలు ("కీ" అంటారు) రెండేసి ప్రశ్నలుగా నడుస్తాయి: ఆకు జంటా, విడా? అంచు రేకులు ఉన్నాయా, లేవా? గింజకి నూగు ఉందా, పొలుసులా, ఏమీ లేదా? మీ ల్యాబ్‌లో మీరు చేసింది అదే పని.

పూయని మొక్క దొరికితే మాత్రం ఆశ పెట్టుకోకండి. పూతకి ముందు ఎరిజెరాన్ కెనడెన్సిస్ అనే వేరే మొక్క కూడా నిటారుగా, సన్నాకులతో గోల్డెన్‌రాడ్ పిల్లలాగే కనిపిస్తుంది. పూశాక తెల్లటి చిన్న చెండ్లు వస్తాయి, అప్పుడు తెలిసిపోతుంది.

తూరుపుకనుమ
ఎక్స్‌టర్నల్ వచ్చి వెళ్లారు. పిల్లలు మూడు షీట్లూ పక్కపక్కన పెట్టి, ఒక్కో చెండుని చీల్చి చిన్న కవర్లో వేసి షీటుకి అంటించారు, లెన్స్ కూడా చేతికిచ్చారు. ఆయన బ్లూమియా షీటు దగ్గర చాలాసేపు ఆగి, ఇది సాలిడాగో ఎందుకు కాదు అని అడిగారు. ఒకడు లేచి అంచు రేకుల గురించి చెప్పాడు, ఇంకో అమ్మాయి "వాసన కూడా సార్, నోట్‌బుక్‌లో రాశాం" అంది.

కెమెరా_కిట్టు
సూపర్. ఆ ఫోటోలు అప్‌లోడ్ చేయండి మేడమ్, బ్లూమియాకి నేను కూడా చూసి పేరు పెడతా. మా ఊరి గట్ల మీదవి కూడా తీస్తా ఈ ఆదివారం.

సిరొంచ_పోరడు
నేను ప్రాణహిత గట్టు మీద పసుపు పూలు చూసిన. ఆకు జంట కాదు, వాసన ఏం లేదు, రేకులు ఉన్నయి, పాలు కారుతున్నయి. ఏంది మాస్టారూ?

జైపూర్_మాస్టారు
తెల్లటి పాలు కారి, చెండులో అన్నీ రేకుల్లాంటి పూలే ఉంటే అది చామంతి కుటుంబంలోనే వేరే శాఖ. సోంకస్ కావచ్చు, లానియా కావచ్చు. ఆకు కాండాన్ని చుట్టి చెవుల్లా ఉందా, ఆకులన్నీ నేలకి అంటుకుని చక్రంలా ఉన్నాయా చూడు. ఫోటో పెట్టేటప్పుడు కిట్టు చెప్పిన వరుసలో పెట్టు.

వలిసె_రైతు
మాస్టారూ, బంగారు తీగ మా చేలో కూడా రెండు మూడు చోట్ల కనిపించింది. కోత దగ్గరపడింది. ఇప్పుడేం చేయాలి?

జైపూర్_మాస్టారు
తీగ అల్లుకున్న మొక్కల్ని, చుట్టూ ఉన్నవాటితో సహా, విడిగా కోసి చేను బయట కాల్చేయండి. అవి పొరపాటున కూడా కళ్లంలోకి రాకూడదు. ఆ చోట్లకి కర్రలు పాతి గుర్తు పెట్టుకోండి, గింజ నేలలో ఏళ్ల తరబడి బతికుంటుంది. వచ్చే ఏడు అక్కడ వలిసె కాకుండా చోడి గానీ సామ గానీ వేయండి, గడ్డి జాతుల మీద అది బతకలేదు. విత్తనం మాత్రం తీగ లేని చేను నుంచి తెచ్చుకోండి. తెచ్చాక సన్న జల్లెడ పట్టండి. వలిసె గింజ పొడుగు, నిలుస్తుంది. తీగ గింజ గుండ్రంగా సన్నగా ఉంటుంది, రాలిపోతుంది. రాలిన పొట్టుని పశువులకి వేయకండి, పేడతో మళ్లీ చేలోకే వస్తుంది.

వలిసె_రైతు
సరే మాస్టారూ. పొట్టు పశువులకే వేస్తున్నాం ఇన్నాళ్లూ. మా ఊళ్లో మిగతావాళ్లకి కూడా చెప్తాను.